గున్యా జ్వరం తగ్గి ఐదు నెలలు, వేళ్ళింకా ముడుచుకోవడం లేదు

ప్రశ్న: నా వయసు 47. జగిత్యాల దగ్గర పల్లె మాది. ఇంట్లోనే మిషను కుడతాను. సెప్టెంబరులో చికున్‌గున్యా వచ్చింది. జ్వరం నాలుగు రోజుల్లో పోయింది కానీ ఐదు నెలలైనా నొప్పులు వదలడం లేదు. పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోవు, కత్తెర పట్టలేను. చీలమండలు వాస్తున్నాయి. మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టు ఉంటుంది. రాత్రిళ్ళు కుడిచేయి తిమ్మిరెక్కుతోంది. మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గర వారానికోసారి సూది వేయించుకుంటున్నా. రెండు రోజులు హాయిగా ఉంటుంది, మూడో రోజు మళ్ళీ మామూలే. మధ్యలో నొప్పుల గోళీలు మింగుతున్నా. మా చిన్నమ్మ ఎక్కడి నుంచో పొడి పొట్లాలు తెప్పించింది, ఇంకా మొదలుపెట్టలేదు. పరీక్షల్లో ఆర్‌ఏ ఫ్యాక్టర్ 24 వచ్చింది, చికున్‌గున్యా ఐజీఎం ఇంకా పాజిటివ్ అన్నారు. అంటే వైరస్ ఒంట్లోనే ఉందా? ఇది ఇక జీవితాంతం ఉండే కీళ్లవాతమేనా? బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. వాతం చేస్తాయని వంకాయ, చింతపండు మానేశాను. పిల్లలకు అంటుకుంటుందా? మిషను కుట్టొచ్చా, మానేయాలా?

సమాధానం: ముందు ఆ ఐజీఎం సంగతి చూద్దాం, ఎందుకంటే మీ భయమంతా అక్కడే మొదలైనట్టుంది. ఐజీఎం అంటే వైరస్ కాదు, వైరస్ మీద మీ ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీ. రక్తంలో వైరస్ ఉండేది జ్వరం మొదలైన తొలి వారం రోజులే. ఆ తర్వాత ఐజీఎం కొందరిలో మూడు నెలలు, కొందరిలో ఇంకా చాలాకాలం కనిపిస్తూనే ఉంటుంది. మళ్ళీ మళ్ళీ చేయించినా కొత్తగా తెలిసేదేమీ లేదు, డబ్బు దండగ. పిల్లలకు మీ నుంచి అంటుకునే ప్రశ్నే లేదు. ఇది మనిషిని తాకితే వచ్చేది కాదు, దోమ ద్వారానే రావాలి. ఆ దోమకైనా మీ రక్తంలో వైరస్ దొరికే కాలం సెప్టెంబరులోనే అయిపోయింది.

మరి వైరస్ పోయినా నొప్పి ఎందుకుంది? కీలు లోపలి పొరలో వైరస్ తాలూకు తునకలు కొంతకాలం మిగిలిపోతాయని భావిస్తున్నారు. వాటిని చూసి రోగనిరోధక కణాలు పోరాటం ఆపవు. పాము వెళ్ళిపోయాక కూడా పుట్టను కొడుతూ ఉండటం లాంటిది. అందుకే యాంటీబయాటిక్స్‌తో, ‘వైరస్ మందుల’తో ఇది తగ్గదు. ఆ పోరును చల్లార్చే మందులు వేరే ఉన్నాయి.

నడుము వంచి నడిచే జబ్బు కాబట్టే దీనికి చికున్‌గున్యా అని పేరు. 1952లో టాంగన్యికాలో, అంటే ఇప్పటి టాంజానియాలో, మకొండె ప్రజల ప్రాంతంలో ఇది వ్యాపించింది. వాళ్ళ భాషలో వంగిపోవడమనే అర్థమున్న మాట ఇది. మనకూ కొత్త కాదు. 1965 ప్రాంతంలో విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడల్లో వచ్చింది. 2005, 2006ల్లో ఊళ్ళకు ఊళ్ళు మంచం పట్టడం మీకూ గుర్తుండే ఉంటుంది. జ్వరం వచ్చిన పదిమందిలో ముగ్గురు నలుగురికి మూడు నెలలు దాటినా నొప్పులు మిగులుతున్నాయని ఆ తర్వాత జరిగిన పరిశీలనల్లో తేలింది. నలభై ఐదు దాటినవాళ్ళకు, ఆడవాళ్ళకు, మొదటి వారంలోనే నొప్పి భరించలేనంతగా ఉన్నవాళ్ళకు, అంతకుముందే కీళ్ళ ఇబ్బంది ఉన్నవాళ్ళకు ఈ అవకాశం ఎక్కువ. ఎక్కువమందికి నెలల మీద నెమ్మదిగా తగ్గుతుంది, కొందరికి ఒకటి రెండేళ్ళు పడుతుంది. తగ్గడం కూడా నేరుగా మెట్లు దిగినట్టు ఉండదు. వారం బాగుండి, ఒక చలిగాలి రోజో, పెళ్ళి పనులు నెత్తినేసుకున్న రోజో మళ్ళీ పట్టేస్తుంది. అంతమాత్రాన జబ్బు మొదటికొచ్చిందని బెంబేలెత్తాల్సిన పనిలేదు.

ఇక్కడే ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఐదో నెలలో మందు నిర్ణయించాల్సింది నొప్పిని బట్టి కాదు, వాపును బట్టి. మీ ఉత్తరంలో కనీసం మూడు రకాల నొప్పులున్నాయి. మూడింటికీ ఒకటే సూది పడుతోంది.

మొదటిది కీలు వాపు. రేపు పొద్దున లేవగానే పిడికిలి బిగించి చూడండి. మెటికల మధ్య మామూలుగా కనిపించే పల్లాలు పూడిపోయి ఉన్నాయా? మెటిక మీద వేలితో నొక్కితే పండిన ద్రాక్షపండులా మెత్తగా తగులుతుందా, ఎముకలా గట్టిగా ఉందా? రెండో చేత్తో అరచేతిని అటూ ఇటూ పట్టి మెటికల వరుసను నెమ్మదిగా అదిమితే జివ్వుమంటుందా? మెత్తటి ఉబ్బు, అదిమితే నొప్పి ఉంటే లోపల వాపు ఉన్నట్టే. గట్టిగా, వాపు లేకుండా నొప్పి మాత్రమే ఉంటే దారి వేరు. దీంతోపాటు గడియారం చూసి ఒక లెక్క రాయండి: ఎన్నింటికి లేచారు, ఎన్నింటికి పిడికిలి పూర్తిగా ముడుచుకుంది. పది రోజులు రాస్తే చాలు. అరగంటలోపు వదిలే బిగుసుదనం వేరు, గంట దాటినా వదలనిది వేరు. డాక్టరుకు మీ రిపోర్టులన్నిటికంటే ఈ కాగితం ఎక్కువ చెబుతుంది. ఒక్కటే షరతు, సూది వేయించుకున్న వారంలో రాయకండి. ఆ రోజుల లెక్క అబద్ధం చెబుతుంది.

రెండోది మడమ. పడుకుని లేచాక తొలి అడుగులకు గుచ్చుకుని, పది ఇరవై అడుగులకు సర్దుకునేది అరికాలి కింద ఉండే పట్టీ వాపు. గున్యా తర్వాత ఇది చాలామందికి వస్తుంది. మూడోది తిమ్మిరి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రిపూట మొద్దుబారి, చేయి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయినట్టు. దాని చుట్టూ ఉన్న స్నాయువుల (కండను ఎముకకు కట్టే తాళ్ళ) తొడుగులు వాచి నరానికి చోటు లేకుండా చేస్తాయి. ఇక చీలమండ వాపు కూడా కీలుదేనా, దాని వెనకగా వెళ్ళే స్నాయువులదా అన్నది చేత్తో చూసి చెప్పాలి, అనుమానముంటే అల్ట్రాసౌండ్‌లో తేలుతుంది.

ఆ సూది రెండు రోజులే ఎందుకు పనిచేస్తోంది? అందులో ఏముందో మీరు రాయలేదు, బహుశా మీకూ చెప్పి ఉండరు. పల్లెల్లో ఒళ్ళునొప్పులకు మామూలుగా వేసేది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, దానికి తోడు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. డెక్సామెథసోన్ పనితనం ఒంట్లో ఒకటిన్నర నుంచి రెండు మూడు రోజులుంటుంది. మీ రెండు రోజుల హాయికి లెక్క సరిగ్గా సరిపోతోంది. జబ్బు తగ్గడం లేదు, మూత పెడుతున్నారంతే. ప్రతిసారీ వాపు అణిగిపోవడంతో పరీక్షించే డాక్టరుకు అసలు సంగతి కనిపించకుండా పోతుంది. ఇలా నెలల తరబడి సాగితే బీపీ, షుగరు పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, ముఖం ఉబ్బుతుంది. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ మందగిస్తుంది కూడా. సూదులు మానేశాక విపరీతమైన నీరసం, వాంతులు, నిలబడితే కళ్ళు తిరగడం ఉంటే నొప్పులవల్లే అనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. స్టెరాయిడ్ సూదులు పడ్డాయేమోనని అక్కడ చెప్పండి. ఆర్‌ఎంపీని నిలదీసి లాభం లేదు, వేసిన సూదుల పేర్లు కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగండి.

పొడి పొట్లాలు మొదలుపెట్టకపోవడం మంచి పని చేశారు. పేరూ, కంపెనీ, లైసెన్సు నంబరూ లేని పొట్లంలో స్టెరాయిడ్ మాత్ర నూరి కలపడం మన దగ్గర కొత్త కాదు. పూటలో నొప్పి మాయమై, ఆకలి విపరీతంగా పెరిగితే దాదాపు అదే అనుకోవాలి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్ళు మాత్రం ఒక్కసారిగా మానకూడదు. పొట్లంతో సహా డాక్టరును కలిసి క్రమంగా తగ్గించుకోవాలి.

నొప్పుల గోళీల విషయంలో మీకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. టెల్మిసార్టాన్ వాడేవాళ్ళు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి రోజూ మింగితే మూత్రపిండాల మీద భారం పడుతుంది, బీపీ మాత్ర పట్టు కూడా తగ్గుతుంది. మీ బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ ఉంటే అందులో మూత్రం జారీ చేసే మందు కూడా ఉందన్నమాట. అప్పుడీ కలయిక ఇంకా ప్రమాదం, అందులోనూ ఎండాకాలంలో, నీళ్ళు తక్కువ తాగే రోజుల్లో. సూదిలో డైక్లోఫెనాక్, పైన ఎసిక్లోఫెనాక్ గోళీ అంటే ఒకే జాతి మందు రెండింతలు వేసుకుంటున్నట్టు. నొప్పి రెండింతలు తగ్గదు, కడుపులో పుండు అవకాశం మాత్రం పెరుగుతుంది. అందుకే ముందు మూత్రపిండాల పనితనం చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి.

ప్రస్తుతానికి నొప్పికి పారాసెటమాల్ 650 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు వాడొచ్చు. రోజు మొత్తం మీద 3 గ్రాములు దాటనీయకండి. చాలా ఎసిక్లోఫెనాక్ గోళీల్లో పారాసెటమాల్ 325 కలిపే ఉంటుంది, పట్టీ వెనక చదివి దాన్నీ లెక్కలో వేయండి. కిడ్నీ, బీపీ బాగున్నాయని తేలితే వాపు తగ్గించే మాత్ర ఏదో ఒక్కటే, ఉదాహరణకు నాప్రోక్సెన్ 250, అన్నం తిన్నాక రెండుపూటలా రెండు మూడు వారాలు డాక్టరు ఇవ్వొచ్చు. పొద్దున పరగడుపున కడుపు కాపాడే పాంటోప్రజోల్ తోడుంటుంది. రెండు వారాలకు బీపీ, క్రియాటినిన్ మళ్ళీ చూడాలి. నల్లటి తారులాంటి విరేచనం అయినా, మూత్రం తగ్గినా ఆ మాత్ర అక్కడితో ఆపేసి వెంటనే చూపించుకోవాలి.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ 24 గురించి. ల్యాబును బట్టి 14 లోపో 20 లోపో మామూలు అంటారు. 24 అంటే గీత దాటీ దాటనట్టు. వైరస్ జబ్బుల తర్వాత ఇది కొద్దిగా పెరగడం మామూలే. ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా కొందరికి ఉంటుంది. దీన్ని పట్టుకుని రుమటాయిడ్, అంటే మీరు భయపడుతున్న ఆ జీవితాంతపు కీళ్లవాతం, అని ముద్ర వేయకూడదు, అలాగని ఐదు నెలల వాపును ‘గున్యానేలే’ అని వదిలేయనూ కూడదు. తేల్చేది యాంటీ సీసీపీ అనే పరీక్ష. గున్యా నొప్పుల్లో ఇది మామూలుగా నెగటివ్‌గానే ఉంటుంది. బాగా ఎక్కువగా వస్తే మాత్రం లోపల దాగున్న రుమటాయిడ్ ఈ జ్వరంతో బయటపడిందని అనుమానించి ఆలస్యం లేకుండా వైద్యం మొదలుపెట్టాలి, ఎందుకంటే అది కీలును తినేస్తుంది. గున్యా ఒక్కటే అయితే ఎముక అరిగిపోవడం అరుదు. ఒకేసారి రక్తం ఇచ్చేటప్పుడు సీబీపీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, క్రియాటినిన్, ఎస్‌జీపీటీ, షుగరు, థైరాయిడ్ చేయించండి. చేతులు, పాదాల ఎక్స్‌రే ఒకటి. ఇంతకు మించి పెద్ద ప్యాకేజీలు అక్కర్లేదు.

ఆరు వారాలు దాటిన వాపు, గంటసేపు వదలని బిగుసుదనం ఉంటే మీరు వెళ్ళాల్సింది ఎముకల డాక్టరు దగ్గరికి కాదు, కీళ్లవాతాలు చూసే రుమటాలజిస్టు దగ్గరికి. హైదరాబాద్ పంజాగుట్ట నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. అంతదూరం వెంటనే కుదరకపోతే కరీంనగర్‌లోనో జగిత్యాలలోనో జనరల్ మెడిసిన్ ఎండీ దగ్గర పరీక్షలతో మొదలుపెట్టొచ్చు. అక్కడ కొద్ది వారాలకు తక్కువ మోతాదు ప్రెడ్నిసొలోన్ రాస్తే ఇదీ స్టెరాయిడే కదా అని కంగారుపడకండి. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు, పొద్దున టిఫిన్ తర్వాత, తేదీ వేసి తగ్గించుకుంటూ వచ్చే మాత్రకూ, ఏముందో తెలియని వారపు సూదికీ పోలికే లేదు. అది కూడా మీ అంతట మీరు పొడిగించకూడదు.

వాపు అప్పటికీ మొండికేస్తే, రోగనిరోధక కణాల పోరును చల్లార్చే మెథోట్రెక్సేట్ ఇస్తారు. ఈ మందు దగ్గర జరిగే పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి వివరంగా చెబుతున్నాం. ఇది వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. 2.5 మిల్లీగ్రాముల మాత్రలు మూడు నుంచి ఆరు వరకు, డాక్టరు చెప్పినన్ని, ఆ ఒక్కరోజే. మందుల చీటీ సరిగ్గా అర్థంకాక రోజూ మింగినవాళ్ళకు నోరంతా పుళ్ళు పడి, తెల్లకణాలు పడిపోయి, ఐసీయూ దాకా వెళ్ళిన సందర్భాలున్నాయి. మందు డబ్బా మీద స్కెచ్ పెన్నుతో ‘బుధవారం మాత్రమే’ అని పెద్దగా రాయండి. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు మరో రోజు. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బీ, సీ, ఛాతీ ఎక్స్‌రే చూస్తారు. తర్వాత మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలుంటాయి. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్ళు ఈ మందు వాడకూడదు, నెలసరి ఇంకా వస్తుంటే ఆ సంగతి చెప్పండి. పని మొదలవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ‘పదిరోజులు వేసుకున్నా గుణం లేదు’ అని మానేసేది ఎక్కువగా ఈ మందునే. హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా విరివిగా రాస్తారు. దానికి ప్రమాదం తక్కువే కానీ, గున్యా నొప్పుల మీద అదొక్కటే పెద్దగా చేసేది ఉండదన్నది మా అభిప్రాయం. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో జ్వరం దశలోనే దీని జాతి మందే అయిన క్లోరోక్విన్ ఇచ్చి చూశారు, ప్రయోజనం కనబడలేదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ రాస్తే కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు మించకూడదు, కళ్ళ పరీక్ష చేయించుకోవాలి.

మందులు ఏవైనా సగం పని మీ చేతుల్లోదే. పొద్దున లేవగానే తొట్టిలో మోచేతికి ఓర్చుకునేంత వేడి నీళ్ళు పోసి, చేతులు పది నిమిషాలు ముంచి, నీళ్ళలోనే వేళ్ళు కదపండి: చాచి ఉంచడం, వేళ్ళ చివరలు మాత్రమే కొక్కెంలా వంచడం, పూర్తి పిడికిలి. ఒక్కో భంగిమలో ఐదు క్షణాలు, ఐదుసార్లు. ఎర్రగా, వేడిగా ఉబ్బి ఉన్న కీలుకు మాత్రం వేడి వద్దు. ఐసు గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టండి. బంతి పిసకడం చాలామంది చెబుతారు. వాపు ఉన్నన్నాళ్ళూ అది వద్దు, పట్టు పెరగదు సరికదా మెటికలు ఇంకా వాస్తాయి. కాళ్ళకు, మంచం మీద కూర్చుని బొటనవేలితో గాలిలో అఆఇఈలు రాయండి, రెండు కాళ్ళతోనూ. మంచం దిగేముందే చున్నీని పాదం ముందుభాగానికి వేసి ముప్పై క్షణాలు మీ వైపు లాక్కోండి, మూడుసార్లు. సాయంత్రం నీళ్ళ సీసా గడ్డకట్టించి అరికాలి కింద ఐదు నిమిషాలు దొర్లించండి. ఇంట్లో బండల మీద కూడా ఉత్తకాళ్ళతో నడవకండి, మెత్తటి ఎంసీఆర్ చెప్పులు వేసుకోండి. తిమ్మిరికి రాత్రిపూట మణికట్టు వంగకుండా ఉంచే పట్టీ కట్టుకుని ఆరు వారాలు చూడండి. బొటనవేలి కింది కండ పలచబడుతున్నా, పగలు కూడా తిమ్మిరి ఉంటున్నా ఆగకుండా చూపించుకోవాలి.

ఎంత చేయాలన్నదానికి కొలత ఒకటుంది. వ్యాయామమైనా పనైనా చేశాక పెరిగిన నొప్పి రెండు గంటల్లో పాత స్థాయికి వస్తే సరిపడా చేసినట్టు. రెండు గంటలు దాటినా దిగకపోతే మర్నాడు సగానికి తగ్గించండి, అంతేగాని మానేయకండి. మంచాన పడుకుంటే కీళ్ళు ఇంకా బిగుసుకుంటాయి.

కాబట్టి మిషను మానక్కర్లేదు, తీరు మార్చాలి. తొక్కే మిషనైతే మోటారు పెట్టించండి, చీలమండలకు అదే పెద్ద విశ్రాంతి. నేలమీద పరిచి కత్తిరించడం మానేసి నడుమెత్తు బల్ల మీద కత్తిరించండి. పెద్ద ఇనుప కత్తెర బదులు తేలికది, బాగా సానబట్టించినది వాడండి, పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి. మొద్దు కత్తెర వేళ్ళ పాలిట శత్రువు. హెమ్మింగు, కాజాలు, హుక్కులు గిల్లి పట్టుకునే పనులు కాబట్టి మిషను కుట్టుకంటే ఇవే ఎక్కువ బాధపెడతాయి. కొన్నాళ్ళు ఇంకొకరికి అప్పగించడం మేలు. ఇరవై ఐదు నిమిషాలు కుట్టి ఐదు నిమిషాలు లేవండి. పిడికిలి ముడుచుకోని పొద్దుటి గంటలో కత్తెర ముట్టుకోకండి. ఇంట్లో బిందె సగమే నింపి రెండు చేతులతో ఎత్తండి. తడి బట్టలు మెలిపెట్టి పిండకుండా కుళాయికి చుట్టి నీళ్ళు కారనివ్వండి.

వంకాయ, చింతపండు మళ్ళీ వండుకోండి. వాటికీ ఈ వాపుకూ సంబంధం ఉన్నట్టు ఆధారమేదీ లేదు. అసలు మానాల్సింది పచ్చళ్ళలో ఉప్పు, అది కూడా మీ బీపీ కోసం. గుడ్డు, పప్పు, పెరుగు తగ్గించకండి, నెలల తరబడి కదలక కరిగిన కండకు అవే ఆధారం. గున్యా ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ రావడం చాలా అరుదు. కానీ అదే దోమ డెంగీని కూడా మోస్తుంది, పగలే కుడుతుంది. డ్రమ్ములు, కూలరు వారానికోసారి పూర్తిగా వంచి, గోడలు రుద్ది ఆరబెట్టండి. గుడ్డు దోమ కావడానికి ఎనిమిది, పది రోజులు చాలు.

ఒకే ఒక్క కీలు ఎర్రగా ఉబ్బి చలిజ్వరం వచ్చినా, సాయంత్రం జ్వరంతో దగ్గు, బరువు తగ్గడం ఉన్నా అవి గున్యా లెక్కలోకి రావు, వెంటనే చూపించుకోవాలి. మామూలుగా వెళ్ళే రోజున మాత్రం సూది వేసి కనీసం పది రోజులు దాటనివ్వండి. పది రోజుల గడియారం లెక్క, మింగిన గోళీల ఖాళీ పట్టీలు, ఆర్‌ఎంపీ రాసిచ్చిన కాగితం, చిన్నమ్మ ఇచ్చిన పొట్లం ఒకటి ఒక కవరులో వేసుకుని, వీలైతే పొద్దున వాపు ఉన్నప్పుడే చేతుల ఫొటో ఫోనులో తీసుకుని వెళ్ళండి. మధ్యాహ్నం ఓపీలో మీ వంతు వచ్చేసరికి వేళ్ళు మామూలుగానే కనిపిస్తాయి.